స్టేషన్‌కి రాని అమ్మ, కొండెక్కి వచ్చిన అమ్మ

 

మొన్నటి వీడియోలో అరుణాచల గిరి ప్రదక్షిణ గురించి చెప్పుకున్నాం కదా. 14 కిలోమీటర్ల దారి, 8 లింగాలు, ఏ వేళకి బయల్దేరితే ఎండ తగలదు, అన్నీ చెప్పాను. ఒక్క విషయం మాత్రం కావాలనే చెప్పలేదు. కెమెరా ముందు చెప్తే గొంతు పూడుకుపోతుందని భయం. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

రమణాశ్రమానికి వెళ్ళినవాళ్ళకి తెలుసు. భగవాన్ సమాధి ఉన్న హాలుని ఆనుకునే ఒక గుడి ఉంటుంది. రాతి స్తంభాలు, గర్భగుడిలో శివలింగం. పేరు మాతృభూతేశ్వరాలయం. చాలామంది అక్కడ ఒక దణ్ణం పెట్టుకుని, ధ్యానానికి వెళ్ళిపోతారు. నేనూ మొదటి రెండుసార్లు అదే చేశా. ఆ లింగం కింద ఉన్నది రమణ మహర్షి కన్నతల్లి అని తెలుసు. తెలియడం వేరు, మనసుకి తగలడం వేరు.

పోయిన కార్తీకంలో మా అమ్మని తీసుకెళ్ళా. ధ్యానానికి రమ్మంటే రానంది. ఆ గుడి ముందు నేలమీద కూర్చుంది. గంట దాటినా లేవలేదు. మోకాళ్ళ నొప్పేమో అనుకుని లేపబోతే, ఇంకాసేపు ఉండనీ అంది. ఆ సాయంత్రం అమ్మ చెప్పిన మాట వల్లే ఇది రాస్తున్నా. ఆ మాటకి ముందు రెండు కథలు చెప్పాలి. ఒకటి మా ఇంటిది, చిన్నది. రెండోది భగవాన్‌ది.

గడియ చప్పుడు

మాది బొబ్బిలి దగ్గర ఒక ఊరు. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయారు. అప్పట్నుంచి ఇంట్లో అమ్మా నేనూ, ఇద్దరమే. ఇంజనీరింగ్ అయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చుట్టాలందరిదీ ఒకటే గోల. ఒక్కగానొక్క కూతురివి, తల్లిని వదిలేసి అంత దూరం పోతావా అని. అమ్మ మాత్రం వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు.

బయల్దేరిన రోజు ఆవకాయ సీసా పాత టవల్లో చుట్టి బ్యాగులో పెట్టింది. బ్యాగు గుమ్మం దాకా మోసుకొచ్చింది. జాగ్రత్త అని ఒక్క మాట అని, లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేను ఆటో ఎక్కుతుంటే గడియ పడిన చప్పుడు వినిపించింది. స్టేషన్‌కి రాలేదు. అక్కడ ఎవరెవరి అమ్మలో కిటికీల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను రైల్లో కూర్చుని, పోతే పోయిందిలే అనుకుంది కాబోలు అనుకున్నా. తొమ్మిదేళ్ళు ఆ గడియ చప్పుడు నా లోపల అలాగే ఉండిపోయింది. ఎప్పుడూ అడగలేదు.

చెప్పకుండా వెళ్ళిపోయిన కొడుకు

ఇక భగవాన్ కథ. 1879 డిసెంబరు 30న, ఆర్ద్రా దర్శనం రోజున, మదురైకి దగ్గర్లోని తిరుచ్చుళిలో పుట్టారు. పెట్టిన పేరు వెంకటరామన్. తండ్రి సుందరం అయ్యర్ ఆ ఊళ్ళో ప్లీడరు. తల్లి అళగమ్మ. నాగస్వామి పెద్దవాడు, మనవాడు రెండోవాడు, తర్వాత నాగసుందరం, అలమేలు.

1892లో తండ్రి పోయారు. ఇల్లు రెండు ముక్కలైంది. పెద్ద పిల్లలిద్దరూ చదువు కోసం మదురైలో బాబాయి సుబ్బయ్యర్ ఇంటికి. చిన్నపిల్లలిద్దర్నీ తీసుకుని అళగమ్మ మానామదురైలో ఇంకో మరిది నెల్లియప్ప అయ్యర్ ఇంటికి. ఇది మనం గమనించకుండా దాటేస్తాం. భర్త పోయిన ఏడాదే, పన్నెండేళ్ళ పిల్లాడు కళ్ళ ముందునుంచి కూడా పోయాడు ఆ తల్లికి.

1896 జూలైలో, మదురై ఇంటి మేడమీద, ఒంట్లో ఏ రోగమూ లేకుండా ఆ పిల్లాడికి ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. పదహారేళ్ళు. పారిపోలేదు, ఎవర్నీ పిలవలేదు. కాళ్ళు చేతులు బిగబట్టి శవంలా పడుకుని, చచ్చేది ఎవరు అని లోపలికి చూశాడు. ఒళ్ళు పోయినా పోనిది ఒకటి తగిలింది. అంతే, ఆ తర్వాత చదువు మీదా తిండి మీదా ధ్యాస పోయింది.

ఆగస్టు 29న అన్నయ్య కసురుకున్నాడు. ఇలా కళ్ళు మూసుకు కూర్చునేవాడికి ఈ పుస్తకాలూ ఇల్లూ ఎందుకు అన్నట్టుగా. పిల్లాడికి అది నిజమే అనిపించింది. స్కూల్లో స్పెషల్ క్లాసుందని లేచాడు. అయితే పెట్టెలోంచి 5 రూపాయలు తీసుకెళ్ళి నా కాలేజీ ఫీజు కట్టు అన్నాడు అన్న. దారి ఖర్చుకి 3 రూపాయలు తీసుకుని, 2 రూపాయలు ఒక చీటీతో పాటు వదిలేశాడు. తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ మీదే వెళ్తున్నాననీ, ఎవరూ బాధపడొద్దనీ, వెతకడానికి డబ్బు ఖర్చు చేయొద్దనీ ఆ చీటీ సారాంశం. మొదట నేను అని మొదలైంది, మధ్యలో ఇది అని మారింది, చివర సంతకం లేదు. సెప్టెంబరు 1న అరుణాచలేశ్వరుడి ముందు నిలబడ్డాడు. మళ్ళీ ఆ ఊరు దాటలేదు.

అందరం ఇక్కడ ఆ పిల్లాడి వెంట అరుణాచలం వెళ్ళిపోతాం. ఒక్కసారి మానామదురైలో ఆగండి. ఆ చీటీ తల్లికి రాసింది కాదు. తల్లి అప్పుడు ఆ ఇంట్లోనే లేదు. వెళ్ళొస్తానని ఆవిడతో ఎవరూ అనలేదు. వదిలిపెట్టే అవకాశం కూడా ఆవిడకి రాలేదు. ఎక్కడున్నాడో తెలియకుండా ఏడాది మీద ఏడాది గడిచింది.

కొండమీద కాగితం ముక్క

1898లో ఆచూకీ తెలిసింది. ముందు నెల్లియప్ప అయ్యర్ వెళ్ళి బతిమాలి, ఉత్తచేతులతో తిరిగొచ్చారు. ఆ డిసెంబరులో పెద్దకొడుకుని వెంటబెట్టుకుని అళగమ్మే బయల్దేరింది.

అప్పటికి బాలస్వామి పవళకున్రు అనే గుట్టమీద ఉంటున్నారు. జడలు కట్టిన జుట్టు, పెరిగిన గోళ్ళు, మట్టి పట్టిన ఒళ్ళు, ఒంటిమీద కౌపీనం తప్ప ఏమీ లేదు. అయినా తల్లి చూడగానే గుర్తుపట్టింది. ఇంటికి రమ్మంది. జవాబు లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, తినడానికి ఏవో తీసుకెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. ఆయన కదల్లేదు, పలకలేదు.

చూస్తున్నవాళ్ళకే కడుపు తరుక్కుపోయింది. పచ్చయ్యప్ప పిళ్ళై అనే ఆయన కాగితం, పెన్సిల్ ఇచ్చి, మౌనం వదలక్కర్లేదు, కనీసం రాయమని వేడుకున్నారు. అప్పుడు రాశారు. ఎవరి ప్రారబ్ధాన్ని బట్టి వాళ్ళని ఈశ్వరుడు ఆడిస్తాడనీ, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదనీ, జరగాల్సింది ఎవరు ఆపినా ఆగదనీ, కాబట్టి మౌనంగా ఉండటమే మంచిదనీ దాని అర్థం.

చెప్పాలంటే నాకు ఈ ఘట్టం మీద చాలాకాలం కోపం ఉండేది. ఏడుస్తున్న తల్లికి వేదాంతమా? అమ్మా అని ఒక్క మాట కూడా లేదే? ఈ విషయం మీద వీడియో చేద్దామని రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ ఆపేశా.

తల్లి ఆ కాగితం తీసుకుని మానామదురై వెళ్ళిపోయింది. వదిలేసిందా అంటే, లేదనే నాకనిపిస్తుంది. అది ఓడిపోయి వెనక్కి తిరగడం. అది వేరు.

పద్యాలతో మొరపెట్టుకున్న కొడుకు

ఆ తర్వాత పెద్దకొడుకు నాగస్వామి చిన్నవయసులోనే పోయాడు. అళగమ్మ అప్పుడప్పుడూ అరుణాచలం వచ్చి చూసి వెళ్తుండేది. ఈలోగా ఆయన విరూపాక్ష గుహకి చేరారు. 1907లో మా బొబ్బిలి పక్క కలువరాయి గ్రామంలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఆయన పాదాలు పట్టుకుని ఉపదేశం పొందారు. భగవాన్ శ్రీ రమణ మహర్షి అనే పేరు లోకానికి ఇచ్చింది ఆ తెలుగువాడే. మా ఊళ్ళో చిన్నప్పుడు రమణుల పేరు వినడానికి కారణం కూడా అదే.

1914లో అళగమ్మ తిరుపతి వెంకన్నని దర్శించుకుని వస్తూ కొడుకు దగ్గర ఆగింది. అక్కడే తీవ్రమైన జ్వరం పట్టుకుంది, టైఫాయిడ్. వారాల తరబడి లేవలేదు. అప్పుడు భగవాన్ రాత్రీ పగలూ దగ్గరుండి సేవ చేశారు. అంతే కాదు, ఆమె జ్వరం తగ్గించమని అరుణాచలుణ్ణి వేడుకుంటూ తమిళంలో పద్యాలు రాశారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జరగాల్సింది జరుగుతుందని పదహారేళ్ళ కిందట ఇదే తల్లికి రాసిచ్చిన మనిషి ఆయన. తనకోసం దేవుణ్ణి ఏమీ అడగని మనిషి. అమ్మ కోసం అడిగారు. ఆ పద్యాల సంగతి తెలిశాక నా కోపం సగం దిగింది. పవళకున్రు మీద మౌనంగా కూర్చున్నప్పుడు ఆయన లోపల అమ్మ లేకపోలేదు.

అందరిలో ఒకరిగా

ఇంట్లో ఒక్కొక్కరే పోతూ వచ్చారు. నెల్లియప్ప పోయారు, చిన్నకోడలు పోయింది. 1916లో అళగమ్మ మూట సర్దుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి తీసుకెళ్ళడానికి రాలేదు, ఉండిపోవడానికి వచ్చింది.

కొందరు భక్తులకి నచ్చలేదు. తల్లి ఇక్కడే ఉంటే స్వామి మళ్ళీ ఎటైనా వెళ్ళిపోతారేమోనని వాళ్ళ భయం. ఆ మాటలకి నొచ్చుకుని ఆవిడ వెళ్ళిపోబోతే, భగవాన్ లేచి ఆమె చెయ్యి పట్టుకుని, అయితే మనిద్దరం వేరే ఎక్కడికైనా పోదాం పద అన్నారని చెప్తారు. భక్తులు హడలిపోయి ఇద్దర్నీ ఉండమని బతిమాలారు. కొన్నాళ్ళకి అందరూ పైనున్న స్కందాశ్రమానికి మారారు. అక్కడ అళగమ్మ పొయ్యి వెలిగించింది. అప్పటిదాకా భక్తులు భిక్ష తెస్తేనే తిండి. ఆశ్రమం వంటిల్లు మొదలైంది ఆవిడ చేత్తోనే. చిన్నకొడుకు నాగసుందరం కూడా వచ్చి సన్యాసం తీసుకుని నిరంజనానంద స్వామి అయ్యాడు.

ఇక్కడే అసలు పరీక్ష. మొదట్లో భగవాన్ అందరితో మాట్లాడేవారు, అళగమ్మ పలకరిస్తే మాత్రం చాలాసార్లు పలికేవారు కాదు. ఆవిడ నొచ్చుకుంటే, ఆడవాళ్ళందరూ నాకు తల్లులే, నువ్వొక్కదానివే కాదు అనేవారు. మడీ ఆచారం ఎక్కువ ఆవిడకి. ఉల్లిపాయ కనపడితే, అమ్మో, మోక్షానికి ఎంత పెద్ద అడ్డమో అని ఆటపట్టించేవారు.

ఊహించండి. 20 ఏళ్ళు ఎదురుచూసిన కొడుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. తన చేత్తో వడ్డించిన అన్నమే తింటున్నాడు. కానీ నా కొడుకు అనడానికి లేదు. దూరంగా ఉన్నవాణ్ణి వదులుకోవడం ఒక ఎత్తు. రోజూ ఎదురుగా పెట్టుకుని, నావాడు అనే మాట వదులుకోవడం ఇంకో ఎత్తు. అది ఒక్క రోజులో అయ్యేది కాదు. ప్రతి పూటా వడ్డిస్తూ, ప్రతి పూటా వదలాలి. ఆరేళ్ళు చేసింది ఆ పని. తపస్సు అంటే మనం కొడుకుదే చెప్పుకుంటాం.

ఒక పగలంతా

1922 మే 19. వైశాఖ బహుళ నవమి. అళగమ్మకి అంత్యకాలం వచ్చిందని తెలిసింది. ఉదయం నుంచీ భగవాన్ ఆమె పక్కనే కూర్చున్నారు. కుడిచెయ్యి ఆమె గుండెమీద, ఎడమచెయ్యి తలమీద. చుట్టూ భక్తులు పారాయణం చేస్తున్నారు. పొద్దుటినుంచి రాత్రి 8 గంటలకి ఆమె ప్రాణం అణిగేదాకా చేతులు తీయలేదు. లోపల మిగిలిన వాసనలు ఒక్కొక్కటీ పైకొచ్చి అక్కడే కరిగిపోయాయని తర్వాత ఆయనే వివరించారు. అమ్మ పోలేదు, ఎక్కడినుంచి వచ్చిందో అందులో కలిసిపోయింది, మైల లేదు, రండి భోంచేద్దాం అని లేచారు.

చెప్పకుండా ఇల్లు విడిచిన కొడుకు, అమ్మ వెళ్ళేటప్పుడు ఒక పగలంతా చెయ్యి తీయకుండా కూర్చున్నాడు. 1896లో జరగని వీడ్కోలు ఆ రోజు జరిగిందని నాకనిపిస్తుంది.

ముక్తి పొందినవాళ్ళని దహనం చేయరు కాబట్టి, కొండ కింద పాలితీర్థం దగ్గర సమాధి చేసి, పైన లింగాన్ని ప్రతిష్ఠించారు. భగవాన్ రోజూ స్కందాశ్రమం నుంచి దిగి అక్కడికొచ్చేవారు. అదే ఏడాది డిసెంబరులో ఒకరోజు అలా వచ్చి, ఇక పైకి వెళ్ళలేదు. ఇవాళ మనం చూసే రమణాశ్రమం ఆ సమాధి చుట్టూ పెరిగిందే. 1949 మార్చిలో గుడికి కుంభాభిషేకం జరిగింది. అప్పటికే చేతిమీద పుండుతో బాధపడుతున్న భగవాన్ అది కళ్ళారా చూశారు. 1950 ఏప్రిల్ 14న ఆయన శరీరం వదిలారు. అమ్మ గుడి పక్కనే ఆయన సమాధి. ఇంటికి రమ్మని ఏడ్చిన తల్లి ఉన్నచోటికి చివరికి కొడుకే వచ్చి చేరాడు.

మళ్ళీ గడియ దగ్గరికి

ఆ సాయంత్రం ప్రదక్షిణలో వాయులింగం దాటాక అమ్మకి కాళ్ళు లాగాయి. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర బల్లమీద కూర్చున్నాం. గుడిలో అంతసేపు ఏం చేశావని అడిగా. ఆవిడతో మాట్లాడుతున్నా అంది, అళగమ్మ గురించి. పవళకున్రు దిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసి ఉంటుందా అని లెక్కపెడుతున్నా అంది. ఆపైన తనంతట తనే ఆ రోజు సంగతి ఎత్తింది.

గడియ వేసి లోపలికెళ్ళలేదట. గడియ చేత్తో పట్టుకుని తలుపు వెనకే నిలబడిందట, ఆటో చప్పుడు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా. స్టేషన్‌కి వస్తే నన్ను దిగిపొమ్మని అనేసేదాన్ని అంది. నేనంటే నువ్వు దిగిపోతావు, ఆ సంగతి నాకు తెలుసు, అందుకే రాలేదు అంది. ఆ తర్వాత పదిహేను రోజులు అలవాటుకొద్దీ రెండు గ్లాసుల బియ్యం కొలిచి, ఒకటి మళ్ళీ డబ్బాలో పోసేదట. ఇదంతా టీ ఊదుకుంటూ, మామూలుగా చెప్పింది.

నాకు నోట మాట రాలేదు. తొమ్మిదేళ్ళుగా నన్ను వెళ్ళగొట్టిన చప్పుడు అనుకున్నది, తనని తను కట్టేసుకున్న చప్పుడు. నేను ఆరోజు స్వేచ్ఛగా వెళ్ళానని అనుకున్నా. ఒక మనిషి తలుపు వెనక బలంగా నిలబడితే వెళ్ళగలిగాను.

రోజూ రాత్రి ఫోన్‌లో అన్నం తిన్నావా అని అడుగుతుంది. ఇంకేం మాటలు ఉండవా అని విసుక్కునేదాన్ని. ఎప్పుడొస్తావు అనే మాటని మింగేసి, దాని బదులు అడిగే మాట అదని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ కథ చదివి, ఇల్లు వదిలేయడమే గొప్ప అనుకోవద్దు. సన్యాసం తీసుకుంటామని వచ్చిన సంసారులని భగవాన్ ప్రోత్సహించలేదు, ఇంట్లో ఉండే విచారణ చేసుకోమనేవారు. వదలాల్సింది నాది అనే పట్టుని, మనుషుల్ని కాదు.

ఈసారి అరుణాచలం వెళ్తే మాతృభూతేశ్వరుడి ముందు కాస్త ఎక్కువసేపు కూర్చోండి. కుదిరితే అమ్మని తీసుకెళ్ళండి. మీరు ఇల్లు దాటిన రోజు ఆవిడ ఏం చేసిందో అడగండి. చెప్పకపోతే బలవంతపెట్టొద్దు, పక్కన కూర్చోండి చాలు.

మేము ఆ రాత్రి మిగిలిన దారి మెల్లగా నడిచాం. ఈశాన్య లింగం వచ్చేదాకా అమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది. కాళ్ళ నొప్పికే అనుకుంటా. నేను వదల్లేదు.

వచ్చే వారం స్కందాశ్రమం వీడియోతో కలుద్దాం. అరుణాచల శివ.